నేల విడిచిన మంచు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో చాలా ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పరకాల, ములుగు, హుజూరాబాద్ వైపు బడుల వాళ్లు ఎవరైనా పిలిస్తే వెళ్లి మాట్లాడి వస్తుంటాను. ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా అంటార్కిటికా మంచు గురించే అడుగుతున్నారు. రాత్రి ఫోన్లో ఏదో వీడియో చూస్తారు, టెన్షన్ పడతారు, పొద్దున నన్ను పట్టుకుంటారు. ప్రశ్నలు ఇంచుమించు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

వరంగల్ ఎక్కడ, సముద్రం ఎక్కడ? మనకెందుకు సార్ ఈ గోల?

మీ ఇల్లయితే మునగదు. వరంగల్ సముద్రమట్టానికి 250 మీటర్లకు పైనే ఉంది. అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రం దాదాపు 58 మీటర్లు లేస్తుంది, గ్రీన్‌లాండ్‌ది కూడా కలిస్తే ఇంకో 7 మీటర్లు. ఆ లెక్కన కూడా భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి మీరు బఠాణీలు తినొచ్చు. పైగా అంత మంచు కరగాలంటే వేల ఏళ్లు పడుతుంది.

కానీ మన ఊళ్లో చేపలు, రొయ్యలు ఎక్కడి నుంచి దిగుతున్నాయి? భీమవరం వైపు నుంచి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో మేనమామ ఉన్న ఇళ్లు మన వీధిలోనే ఎన్ని లేవు? కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోవడం ఇప్పటికే చూస్తున్నాం. ఆ కోతకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ మంచు మీద నెట్టడం సరికాదు. అయితే గోదావరి, కృష్ణా డెల్టాల్లాంటి పల్లపు నేలకు అర మీటరు కూడా చిన్న సంగతి కాదు. అక్కడ లేచిన మనుషులు ఎత్తున్న వైపే వస్తారు. ఎత్తున్న వైపు అంటే మన వైపే.

ఎండలు పెరిగాయి, మంచు కరుగుతోంది. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?

అందరూ ఇక్కడే పొరబడతారు. అంటార్కిటికా లోపలి భాగంలో ఎండాకాలంలో కూడా మంచు పైనుంచి కరిగేంత వేడి ఉండదు. అయినా ఆ ఖండం ఏటా సుమారు 150 గిగాటన్నుల మంచు పోగొట్టుకుంటోంది. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. సుమారు 360 గిగాటన్నులు సముద్రంలో కలిస్తే నీటిమట్టం ప్రపంచమంతటా ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.

పైన కరగకుండా అంత మంచు ఎలా పోతోంది? జారిపోతోంది. మంచు చూడటానికి రాయిలా ఉంటుంది గానీ రెండు కిలోమీటర్ల మందాన పోగుపడితే తన బరువుకు తానే సాగుతుంది, ముదురు బెల్లం పాకం పళ్లెంలో మెల్లగా పరుచుకున్నట్టు. నడిమధ్యలో పడిన మంచు వేల ఏళ్లు ప్రయాణం చేసి ఒడ్డుకు చేరుతుంది. ఒడ్డున కొంత ముక్కలై విరిగిపోతుంది, కొంత అడుగు నుంచి కరుగుతుంది. లోపల పడేదీ ఒడ్డున పోయేదీ సమానంగా ఉన్నంతకాలం చిక్కు లేదు. ఇప్పుడు పోయేది ఎక్కువైంది. గ్రీన్‌లాండ్ సంగతి కొంచెం వేరు. అక్కడ వేసవిలో పైనుంచి కూడా బాగానే కరుగుతుంది.

'నేల విడిచే గీత' అని పదే పదే అంటారు. అదేమిటి?

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

పశ్చిమ అంటార్కిటికాలో చాలా చోట్ల మంచు కింద ఉన్న నేల సముద్రమట్టం కన్నా లోతున ఉంది. అంటే మంచు కొండ మీద కూర్చోలేదు, సముద్రపు అడుగున కూర్చుంది. తన బరువుతో నీళ్లను బయటికి నెట్టేసి నేలను అదిమి పట్టుకుంది. ఒడ్డు వైపు వచ్చేకొద్దీ మంచు పలచబడుతుంది. ఒకచోట ఇక నేలను పట్టుకునేంత బరువు చాలదు, లేచి తేలడం మొదలుపెడుతుంది. సరిగ్గా అక్కడ ఉండే గీతే శాస్త్రవేత్తలు చెప్పే గ్రౌండింగ్ లైన్. నేను నేల విడిచే గీత అంటాను. దానికి లోపలి వైపు ఉన్నది మంచు ఫలకం, బయట నీటి మీద తేలుతున్నది ఐస్ షెల్ఫ్.

రామప్ప గుడి ఇటుక నీళ్లలో తేలుతుందని మన పిల్లలందరికీ తెలుసు. మంచుదీ అదే కథ, నీటి కన్నా కొంచెం తేలిక. ఒక ఘనపు మీటరు మంచు సుమారు 917 కిలోలు ఉంటే, సముద్రపు నీరు సుమారు 1028 కిలోలు ఉంటుంది. ఇప్పుడు లెక్క చేయండి. నేల 900 మీటర్ల లోతున ఉందనుకుందాం. అక్కడ మంచు నేలను వదలకుండా కూర్చోవాలంటే దాని మందం కనీసం 1009 మీటర్లు ఉండాలి. 1005 మీటర్లకు తగ్గిందా, లేచి తేలుతుంది. కిలోమీటరు మందంలో నాలుగైదు మీటర్ల తేడా! ఆ లెక్క బోర్డు మీద వేసినప్పుడు ములుగు దగ్గర ఒక బడిలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "అయితే సార్, అది పూర్తిగా కరగనక్కర్లేదు, కొంచెం సన్నబడితే చాలు" అంది. నేను ముప్పావుగంట తిప్పి తిప్పి చెప్పింది ఆ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఈ గీత గీసినట్టు ఒకేచోట ఉండదు. పోటు వస్తే లోపలికి, ఆటు వస్తే బయటికి కొన్నిచోట్ల కిలోమీటర్ల దూరం కదులుతుంది. ఉపగ్రహాలు దాన్ని కనిపెట్టేది కూడా అలాగే. పోటుతో పాటు పైకీ కిందికీ ఊగుతున్న మంచు తేలుతున్నట్టు, ఊగనిది నేల మీద ఉన్నట్టు.

తేలుతున్న మంచు కరిగితే గ్లాసులో నీళ్లు పెరగవు గదా. మరి ఐస్ షెల్ఫ్ విరిగితే కంగారెందుకు?

మంచి ప్రశ్న, సగం నిజం కూడా. తేలే మంచు ముందే తన బరువంత నీటిని పక్కకు నెట్టేసింది, కరిగినా మట్టం దాదాపు మారదు. మంచుది మంచినీరు, సముద్రానిది ఉప్పునీరు కాబట్టి కచ్చితంగా లెక్క కడితే కాస్త పెరుగుతుంది, అది పక్కన పెడదాం.

షెల్ఫ్ చేసే పని వేరు. అది రెండు పక్కలా ఉన్న కొండలకు ఒరుసుకుంటూ, కింద అక్కడక్కడా ఉన్న గుట్టలకు తగులుకుంటూ వెనకాల వచ్చే మంచును ఆపుతుంది. వెనక ఎద్దులు తోసుకొస్తుంటే దొడ్డి గేటు పట్టుకుని నిలబడ్డ మనిషిలాంటిది. ఆ మనిషి బరువు ఎంతని కాదు, అతను తప్పుకుంటే ఏమవుతుందన్నదే చూడాలి.

ఇది ఊహ కాదు, 2002లో కళ్లముందే జరిగింది. అంటార్కిటికా ద్వీపకల్పం పక్కన లార్సెన్ బి అనే షెల్ఫ్ ఉండేది. ఆ జనవరి చివర మొదలై మార్చి మొదటికల్లా, దాదాపు 35 రోజుల్లో, 3,250 చదరపు కిలోమీటర్ల మంచు, సుమారు 220 మీటర్ల మందాన ఉన్నది, తునాతునకలైంది. ఆ వేసవిలో దాని మీద నీటి మడుగులు కట్టాయి. నీరు పగుళ్లలోకి దిగింది. మన గ్రానైట్ క్వారీల్లో రాతి పనివాళ్లు వరసగా గుంతలు కొట్టి, ఉలులు దిగ్గొట్టి బండను చీలుస్తారే, నీరు అక్కడ ఆ ఉలి పని చేసింది. మంచు కన్నా నీరు బరువు కాబట్టి, నిండిన పగులు ఇంకా కిందికి తెరుచుకుంటూ పోతుంది.

అది పోయాక ఏం జరిగిందన్నదే పాఠం. దానికి వెనక నుంచి మంచు తెచ్చిపోసే హిమానీనదాల్లో కొన్ని మునుపటికన్నా కొన్ని రెట్లు వేగంగా, ఒకటి ఎనిమిది రెట్ల దాకా, పరుగెత్తడం మొదలుపెట్టాయి. గేటు పట్టుకున్న మనిషి తప్పుకున్నాడు.

చుట్టూ గడ్డకట్టే చలి. కింద నుంచి కరిగించేది ఏది?

సముద్రమే. అంటార్కిటికా చుట్టూ కొన్ని వందల మీటర్ల లోతున ఒక పాత నీటి పొర తిరుగుతుంటుంది. దాని వేడి సున్నాకు ఒక డిగ్రీ పైన ఉంటుంది, అంతే. మన బోరు నీళ్లతో పోలిస్తే అది ఐసే. కానీ ఉప్పునీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కాదు, మైనస్ 1.9 దగ్గర. లోతుకు పోయేకొద్దీ, ఒత్తిడి వల్ల, ఇంకా కిందికి. అంటే నేల విడిచే గీత దగ్గరికి ఈ నీరు చేరితే అక్కడి మంచుకు అది మూడు డిగ్రీల పైచిలుకు వేడి నీరు. రాత్రింబవళ్లు, ఏడాది పొడవునా. చుట్టూ వీచే గాలుల తీరు మారినప్పుడు ఈ పొర ఖండపు అంచు దాటి లోపలికి ఎక్కువగా వస్తుంది. పశ్చిమ అంటార్కిటికా ఒడ్డున ఉన్న అముండ్సెన్ సముద్రం దగ్గర జరుగుతున్నది ఇదే.

2020 మొదట్లో, అదే ఒడ్డున ఉన్న థ్వైట్స్ హిమానీనదం దగ్గర దాదాపు 600 మీటర్ల మంచును వేడినీళ్లతో తొలిచి, ఐస్‌ఫిన్ అనే సన్నటి రోబోను నేల విడిచే గీత దాకా దింపారు. చూసింది ఆశ్చర్యంగా ఉంది. మంచు అడుగు చదునుగా ఉన్నచోట అనుకున్నదానికన్నా తక్కువగానే కరుగుతోంది, ఎందుకంటే కరిగిన మంచినీరు పొరలా పరుచుకుని కింది వేడిని పైకి రానివ్వడం లేదు. పగుళ్లలోనూ మెట్లలా ఉన్నచోటా మాత్రం గబగబా తినేస్తోంది. మొత్తం సమంగా అరగదు, బలహీనమైన చోట్లే ఇంకా బలహీనమవుతాయి.

కొంచెం వెనక్కి జరిగితే అక్కడే ఆగిపోవచ్చు గదా?

నేల వాలు ఎటు ఉందన్నదాన్ని బట్టి. దీన్ని చెరువుతో చెబితే మనవాళ్లకు వెంటనే అందుతుంది.

చెరువులో లోతు ఎక్కడ? కట్ట దగ్గర, తూము దగ్గర. కట్ట నుంచి శిఖం వైపు నడిస్తే మోకాలి లోతు, పాదం లోతు, చివరికి పొడి నేల. మామూలు హిమానీనదం వెనక్కి జరిగితే కట్ట నుంచి శిఖం వైపు నడిచినట్టు. నీళ్లు తగ్గుతూ పోతాయి, ఒకచోట కాలు నిలుస్తుంది. పశ్చిమ అంటార్కిటికాలో తిరగేసి ఉంది. అక్కడ బయటి అంచు శిఖంలాంటిది, లోపలికి పోయేకొద్దీ కట్ట. ఒక్కో అడుగు వెనక్కి వేసేకొద్దీ లోతు పెరుగుతుంది.

లోతు పెరిగితే ఏమవుతుంది? నేల విడిచేచోట మంచు మందంగా ఉంటుంది. మందం పెరిగితే బయటికి జారే మంచు అదే నిష్పత్తిలో పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. ఆపే షెల్ఫ్ లేదనుకుని లెక్క కడితే, మందం రెట్టింపైనప్పుడు ప్రవాహం 20 రెట్లు దాటుతుంది. ఎక్కువ జారితే వెనకాల సన్నబడుతుంది, సన్నబడితే ఇంకా వెనక నేల విడుస్తుంది, అక్కడ ఇంకా లోతు. మొదట తోసిన చెయ్యి తీసేసినా బండి ఆగదు. దీన్నే సముద్రపు మంచు ఫలకాల అస్థిరత అంటారు. యోహానెస్ వీర్ట్‌మన్ అనే శాస్త్రవేత్త 1974లో దీని లెక్క చూపించాడు. 1978లో జాన్ మెర్సర్ అనే మరో శాస్త్రవేత్త, బొగ్గు, చమురు మండించడం ఇలాగే కొనసాగితే పశ్చిమ అంటార్కిటికాకు ముప్పు అని రాశాడు. ముందు ద్వీపకల్పం షెల్ఫ్‌లు పోవడం మొదలైతే అదే ప్రమాద సూచన అన్నాడు. లార్సెన్ ఎ 1995లో, లార్సెన్ బి 2002లో పోయాయి. నేను మెర్సర్ మాట చదివింది అవి రెండూ పోయాక. చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను.

'ప్రళయ హిమానీనదం' రేపో మాపో కూలిపోతుందట?

ఆ పేరు నాకు నచ్చదు. దాని అసలు పేరు థ్వైట్స్. ఒడ్డున దాని వెడల్పు సుమారు 120 కిలోమీటర్లు, హనుమకొండ నుంచి బస్సెక్కి ఘట్‌కేసర్ దాకా పోయినంత. దానికి మంచు అందించే ప్రాంతం సుమారు 1,92,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ 1,12,000. అంటే మన రాష్ట్రమంతా పరిచినా ఇంకా బోలెడు మిగులుతుంది. అది మొత్తం పోతే సముద్రం 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇప్పటికే ప్రపంచంలో సముద్రమట్టం పెరుగుదలలో దాదాపు 4 శాతం ఆ ఒక్కదానిదే.

1992 నుంచి 2011 మధ్య థ్వైట్స్ నేల విడిచే గీత 14 కిలోమీటర్లు, పక్కనే ఉన్న పైన్ ఐలాండ్ హిమానీనదానిది 31 కిలోమీటర్లు లోపలికి జరిగాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనం థ్వైట్స్ కూలడం బహుశా మొదలైపోయిందనే అంది. ఎన్నాళ్లకు? త్వరగా అయితే 200 ఏళ్లు, నిదానంగా అయితే 900 ఏళ్లు. రేపో మాపో కూలేది దాని ముందున్న తేలే భాగం. ఆ భాగం నీటి కింద ఒక గట్టును పట్టుకుని ఉంది, ఆ పట్టు సడలుతోంది. వార్తల్లో 'ఐదేళ్లలో కూలుతుంది' అని చదివితే అది షెల్ఫ్ గురించా, మొత్తం హిమానీనదం గురించా అని చూడండి. పది వీడియోల్లో తొమ్మిది ఆ రెంటినీ కలిపేస్తాయి.

మంచు గోడలు వాటంతటవే విరిగిపడతాయని కూడా అంటున్నారు?

షెల్ఫ్ పోయాక ఒడ్డున నిలువు గోడ మిగిలితే, నీటి పైన అది సుమారు 100 మీటర్లు దాటితే తన బరువుకు తానే నిలవలేదని లెక్కలు చెబుతున్నాయి. 2016లో దీన్ని కలిపి వేసిన అంచనాలు భయపెట్టేలా వచ్చాయి. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనలు అంత వేగంగా జరగకపోవచ్చని చూపాయి. శాస్త్రవేత్తల మధ్యే తెగని వాదు ఇది. ఎవరైనా ఖాయంగా చెబితే కొంచెం అనుమానించండి.

అంతా చెడు వార్తేనా సార్?

కాదు. అముండ్సెన్ సముద్రం ఒడ్డున మంచు బరువు తగ్గేసరికి కింది నేల పైకి లేస్తోంది. ఒకచోట ఏడాదికి 41 మిల్లీమీటర్లు లేస్తున్నట్టు కొలిచారు. పరుపు మీద నుంచి మనిషి లేస్తే గుంట పూడినట్టు. నేల లేస్తే మంచుకు మళ్లీ కాలు ఆనే అవకాశం ఉంది, అయితే దానికి దశాబ్దాలు పడుతుంది. గ్రీన్‌లాండ్‌లో అన్నిటికన్నా వేగంగా పారే యాకబ్స్‌హావ్న్ హిమానీనదం 2016 ప్రాంతంలో నెమ్మదించి కాస్త మందమెక్కింది. ఒడ్డుకు చల్లని నీరు రావడమే కారణం. చల్లని నీరొస్తే ఆగుతుంది, వెచ్చని నీరొస్తే పరుగెడుతుంది. తాళం సముద్రం చేతిలో ఉందని ఇంతకన్నా రుజువేం కావాలి?

సముద్రం అడుగున తెర కట్టి వెచ్చని నీటిని ఆపాలన్న ఆలోచనలూ ఉన్నాయి. వినడానికి బాగుంది. మన దగ్గర ఒక చిన్న చెక్‌డ్యామ్ ఎన్ని రోజులు నిలబడుతుందో చూసినవాణ్ని, నాకు నమ్మకం కలగడం లేదు.

అంటార్కిటికా అంత దూరాన ఉంటే కాకినాడకు ఎక్కువ నీళ్లెలా వస్తాయి?

ఇది అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. అంత పెద్ద మంచు రాశి తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు దాని పక్కన సముద్రం నిజానికి దిగుతుంది, ఆ నీరు దూరంగా ఉన్న తీరాలకు చేరుతుంది. పశ్చిమ అంటార్కిటికా కరిగితే ఉత్తరార్ధ గోళంలోని తీరాలకు సగటుకన్నా కాస్త ఎక్కువే వస్తుంది. మన తూర్పు తీరం ఆ ఉత్తరార్ధంలోనే ఉంది.

ఈ శతాబ్దంలో ఎంత పెరుగుతుంది? ఒక్క నంబర్ చెప్పండి.

ఒక్క నంబర్ చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల శాస్త్రవేత్తల బృందం, ఐపీసీసీ, 2021 నివేదిక ప్రకారం 2100 నాటికి, మనం వదిలే పొగను బట్టి, 28 సెంటీమీటర్ల నుంచి సుమారు ఒక మీటరు దాకా. అదే నివేదిక, ఉద్గారాలు బాగా ఎక్కువగా ఉంటే, 2 మీటర్లకు దగ్గరగా వెళ్లే అవకాశాన్ని కొట్టిపారేయలేం అని కూడా రాసింది. ఆ ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న తేడా చాలావరకు నేను పైన చెప్పిన ఆ గీత దగ్గరే ఉంది.

2023 జులై వానలు దీనివల్లేనా?

కాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది, మోరంచపల్లి మునిగింది. అది బంగాళాఖాతం అల్పపీడనం, రుతుపవనాల పని. అంటార్కిటికాకూ దానికీ ముడిపెట్టకండి.

మనవాళ్లు అక్కడ పని చేస్తున్నారా?

1981 నుంచి. 1983లో మన దేశం కట్టిన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి. దాన్ని కట్టింది తేలే ఐస్ షెల్ఫ్ మీద. నేల విడిచి సాము చేయొద్దంటారు పెద్దలు. కొన్నేళ్లకే అది మంచులో కూరుకుపోయింది, 1990లో దాన్ని వదిలేశారు. ఆ లోపే 1989లో మైత్రిని, 2012లో భారతిని కట్టారు. రెండూ రాతి నేల మీదే. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఈ పనులు చూస్తుంది.

మన దగ్గర కూడా ఒకప్పుడు మంచు ఉండేదట, నిజమేనా?

నిజం. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద మనమూ అంటార్కిటికా ఒకే గోండ్వానా ఖండంలో ఉన్నాం. ప్రాణహిత గోదావరి లోయలో, సింగరేణి బొగ్గు పొరలకు అడుగున, హిమానీనదాలు మోసుకొచ్చి వదిలిన గుండ్రాళ్లు కలిసిన రాతి పొర ఉంది. దాన్ని తాల్చిర్ పొర అంటారు. ఆ మంచు పోయాక పెరిగిన గ్లోసోప్టెరిస్ చెట్లే మన బొగ్గు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్లలో అదే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. భూపాలపల్లి గనిలో పనిచేసే ఒకాయన ఇది విని, "అయితే మేం తవ్వి తీసేది మంచు పోయాక వచ్చిన అడవి, దాన్ని కాలిస్తే పోయేది మళ్లీ మంచే" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

బడిలో చేసి చూపించడానికి ఏం కావాలి?

రెండు పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు, ఒక రాయి, ఐసు. ఒక డబ్బాలో నీళ్లు పోసి ఐసు తేలనివ్వండి. రెండోదాంట్లో నీటి పైకి వచ్చేలా రాయి పెట్టి దాని మీద ఐసు ఉంచండి. స్కెచ్‌పెన్‌తో రెండింటి మీదా గీతలు గీసి, గంటన్నర ఆగి చూడండి. షెల్ఫ్ సంగతి చూపడానికి వాలుగా పెట్టిన పళ్లెంలో ముదురు బెల్లం పాకం పోసి, కింద రెండు గరిటెలు అడ్డం పెట్టి, ఒకటి తీసేయండి. మా దగ్గర రెండో గరిటె తీసేలోపే పాకం పిల్లలు తినేశారు, అందుకని కొంచెం ఎక్కువే చేసుకోండి.

ఐసు చిన్న ముక్కలు తెస్తే దారిలోనే నీళ్లవుతాయి. చేపల మార్కెట్ దగ్గర గడ్డ ఐసు అడగండి, వరి ఊకలో పెట్టి గోనెసంచి చుట్టి ఇస్తారు. ఒకసారి నేను సంచి లేకుండా ఆటోలో తెచ్చాను, బడికి చేరేసరికి డ్రైవర్ సీటు తడిసి అతను నాతో మాట్లాడటం మానేశాడు. ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు గడ్డలన్నీ పొద్దున ఏడింటికే చేపల కింద ఉంటాయి.